చిట్టి పాదాలకు ఎంత దూరం? మూడు నుంచి అయిదేళ్ల పిల్లల విహారయాత్రలు

అక్టోబరు సగం దాటేసరికి మస్కట్‌లో గాలి మారుతుంది. ఏసీ ఆపి కిటికీలు తెరిచే రోజులు వస్తాయి. దసరా, దీపావళి హడావుడి సర్దుకున్నాక ఇక మార్చి దాకా మనకు బయట తిరిగే కాలమే. కేజీ తరగతుల పిల్లలున్న ఇళ్లకు ఈ రోజుల్లోనే బడి నుంచి చీటీ వస్తుంది. ఫలానా తారీఖున ఫీల్డ్ ట్రిప్, ఇన్ని రియాళ్లు, అమ్మగానీ నాన్నగానీ సంతకం చేసి పంపాలి. పొద్దున్నే ఒక చేత్తో టిఫిన్ బాక్సు మూత పెడుతూ రెండో చేత్తో ఆ చీటీ మీద సంతకం పెట్టేస్తాం. పిల్లాడు సరదా పడుతున్నాడు, తోటి పిల్లలంతా వెళ్తున్నారు, ఇంకేం ఆలోచిస్తాం?

ఆ సంతకానికి ముందు ఆలోచించాల్సిన రెండు మూడు నిమిషాల గురించే ఈ పాఠం. బడివాళ్లు తీసుకెళ్లే యాత్రకే కాదు, బాలవిహార్ పిల్లల్ని తీసుకెళ్లాలనుకునే మన వాలంటీర్లకూ, శుక్రవారం నాడు నాలుగు కుటుంబాలు కలిసి రెండు మూడు కార్లలో బయల్దేరే వాళ్లకూ ఇదే వర్తిస్తుంది. మూడు నుంచి అయిదేళ్ల పిల్లల సంగతి మాత్రమే ఇక్కడ చెబుతున్నాను. ఎనిమిదేళ్ల పిల్లల లెక్క వేరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ వయసు పిల్లలకు మంచి యాత్ర అంటే దగ్గరిది, చిన్నది, ఒకే ఒక్క వస్తువు చుట్టూ తిరిగేది. ఇంటి నుంచి అరగంటలో చేరాలి. అక్కడ గంట, మహా అయితే గంటన్నర. మధ్యాహ్నం నిద్ర వేళకు ఇంట్లో ఉండాలి. ఒమాన్‌లో చూడదగ్గవి ఎన్నో ఉన్నాయి, నిజమే. కానీ కోటలూ కొండలూ లోయలూ ఎక్కడికీ పోవు. నాలుగేళ్ల వయసే వెళ్లిపోతుంది.

పిల్లలు చూసేది మనం చూసేది కాదు

నిజ్వా కోటకు వెళ్లామనుకోండి. 17వ శతాబ్దంలో ఇమాం సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించిన ఆ గుండ్రటి బురుజు ముందు నిలబడి మనం నోరు తెరుస్తాం. ఇరుకు మెట్ల మీదికి ఎక్కి వచ్చే శత్రువుల నెత్తిన పై నుంచి కాగిన ఖర్జూరపు పాకం పోసేవారని గైడు చెబితే ఒళ్లు జలదరిస్తుంది. మన పక్కనున్న నాలుగేళ్ల పాప మాత్రం మూడో మెట్టు మీద ఆగిపోయి ఉంటుంది. అక్కడ చీమలు బారు కట్టాయి. ఒక చీమ తనకంటే పెద్ద బియ్యపు గింజ లాంటిదేదో మోస్తోంది. "పదమ్మా, అందరూ వెళ్లిపోతున్నారు" అని మనం చెయ్యి పట్టి లాగుతాం.

ఆ పాపకు శతాబ్దం అంటే తెలియదు. నిన్న, రేపు అన్న మాటలే ఇంకా సరిగ్గా కుదరని వయసు. "నిన్న అమ్మమ్మ వస్తుంది" అంటారు చూడండి. అలాంటి పిల్లలకు చరిత్ర చెప్పాలనుకుంటే మనకు ఆయాసం, వాళ్లకు విసుగు. కానీ చీమ బరువు మోయడం ఆ పాపకు పూర్తిగా అర్థమయ్యే విషయం. చూస్తుంది, వంగి చూస్తుంది, అడుగుతుంది, ఇంటికొచ్చాక తానూ బియ్యం డబ్బా ఎత్తబోతుంది.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదుమహారాజుకు తన ఇరవై నలుగురు గురువుల గురించి చెప్పే ఘట్టం మనలో చాలామందికి తెలిసిందే. భూమి, గాలి, నీరు, పావురం, కొండచిలువ, తేనెటీగ, సాలెపురుగు, ఇలా సాగుతుంది ఆ పట్టిక. అందులో పసిబాలుడు కూడా ఒక గురువే. ఆ ఘట్టంలోని వేదాంతం పెద్దవాళ్లది. పిల్లల యాత్ర ఎంచుకునేవాళ్లు అందులోంచి పట్టుకోవాల్సింది ఇంకొకటుంది. ఆ గురువుల్లో ఎక్కువమంది టికెట్టు కొని చూడాల్సినవాళ్లు కారు. ఒకచోట నిలబడి, తొందర లేకుండా చూసేవాడికి దొరికినవాళ్లు.

కాబట్టి చోటు ఎంచుకునేటప్పుడు మొదట అడగాల్సింది "అక్కడ ఏముంది?" అని కాదు. "అక్కడ మా పిల్ల ఏం చేయగలదు?" అని. ముట్టుకోవచ్చా? వంగి చూడొచ్చా? పరిగెత్తితే ఎవరైనా కసురుకుంటారా? అద్దాల వెనక వస్తువులు, వాటి కింద చదవలేని అక్షరాలు, "తాకరాదు" అనే బోర్డు, చేతులు వెనక్కి కట్టుకుని వరసలో నడవడం, ఇవన్నీ ఉన్న చోట పిల్ల నేర్చుకునేది వరసలో నడవడం ఒక్కటే. దానికి బస్సు ఎక్కడం దేనికి?

కాళ్లు, కడుపు, కునుకు

ఇక లెక్కలు. నాలుగేళ్ల పిల్లాడు ఇంట్లో రోజంతా గెంతుతాడు కాబట్టి ఎంత దూరమైనా నడుస్తాడనుకుంటాం. గెంతడం వేరు, ఒకే దిక్కుకు ఆగకుండా నడవడం వేరు. అరకిలోమీటరు దాటితే "ఎత్తుకో" అంటాడు. ఒక టీచరు ఇరవై మందిని ఎత్తుకోలేదు. బస్సులో గంటకు మించి కూర్చోబెడితే కొందరికి వాంతులు, కొందరికి నిద్ర. నిద్రలో ఉన్న పిల్లల్ని లేపి దింపితే ఆ పూట ఏడుపే.

టాయిలెట్ సంగతి చీటీలో ఎవరూ రాయరు. నన్నడిగితే మొదటి వరసలో ఉండాల్సింది అదే. చోటు ఎంత బాగున్నా సరే, రెండు నిమిషాల నడకలో శుభ్రమైన టాయిలెట్ లేకపోతే ఈ వయసు పిల్లలకు ఆ చోటు పనికిరాదు. కొత్తచోట అడగడానికి బిడియపడే పిల్లలుంటారు. బట్టలు తడిపేసుకుని, తోటివాళ్ల ముందు సిగ్గుపడిన పిల్లకు ఆ యాత్ర నుంచి గుర్తుండేది అదొక్కటే. సంచిలో ఒక జత బట్టలు, ఒక ప్లాస్టిక్ కవరు తప్పనిసరి. "మావాడికి అలవాటైపోయింది" అనుకున్నా సరే పెట్టండి.

ఎండ గురించి మనకు చెప్పక్కర్లేదనుకుంటాం గానీ, చెప్పాలి. ఒమాన్‌లో జూన్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఆరుబయట కూలీల చేత పని చేయించకూడదని నిబంధన ఉంది. కండలు తిరిగిన మగవాళ్లకే వద్దన్న ఎండ అది. చిన్నపిల్లల ఒళ్లు బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, అందుకే మనకంటే తొందరగా వేడెక్కుతుంది. దాహం వేస్తోందని చెప్పడం ఆటలో మరిచిపోతారు కూడా. అందుకని ఏప్రిల్ నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా ఆరుబయట యాత్ర అని చీటీ వస్తే, సంకోచించకుండా బడికి ఫోను చేసి వేళ అడగండి. నవంబరులోనైనా పదకొండు లోపల ముగించడం మేలు. ఎండాకాలంలో తప్పదనుకుంటే లోపలి చోట్లున్నాయి. 2019లో మాల్ ఆఫ్ మస్కట్‌లో తెరిచిన ఒమాన్ అక్వేరియం ఒకటి. టికెట్టు ఖరీదు కాస్త చేదే. అక్కడ కూడా పిల్లలు సొరచేపల తొట్టి కన్నా ఏదో ఒక మూలనున్న చిన్న చేప దగ్గర ఎక్కువసేపు నిలబడతారు. నిలబడనివ్వండి. డబ్బు పెట్టాం కదా అని అన్నీ చూపించాలని లాక్కుపోకండి.

కురుమ్‌లో ఒక పూట

మస్కట్‌లో ఉండేవాళ్లకు నేను మొదట చెప్పేది కురుమ్ తీరమే. ఉచితం, దగ్గర, నీళ్లూ ఇసుకా చెట్లూ ఒక్కచోటే. అక్కడి మడ అడవి రక్షిత ప్రాంతం, లోపలికి దిగకూడదు. అంచున నిలబడి చూస్తే చాలు. కాకినాడ దగ్గరి కోరింగ చూసిన కుటుంబాలు మనలో ఉన్నాయి. అదే మడ చెట్టు. ఒమాన్ తీరంలో సహజంగా పెరిగే మడ జాతి ఇదొక్కటే. కోరింగలో దీనితోపాటు ఇంకా చాలా రకాలున్నాయి. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి పొడుచుకొచ్చిన వేళ్లు చూపించి, "చెట్టు ఇక్కడి నుంచి ఊపిరి పీలుస్తుంది" అంటే పిల్లలకు వెంటనే ఎక్కుతుంది. ఎందుకంటే వాళ్లూ ముక్కు మూసుకుని చూస్తారు, ఊపిరాడదు, నవ్వుతారు. పాఠం అయిపోయింది. లవణీయత, ఆక్సిజన్ అనే మాటలు ఎత్తాల్సిన పనే లేదు.

తీరంలో తడి ఇసుక మీద పీతల బొరియలుంటాయి. ఒక్కో బొరియ పక్కన చిన్న ఇసుక గుట్ట. కదలకుండా, మాట్లాడకుండా కూర్చుంటే పీత బయటికొస్తుంది. ఒక్కరు కదిలితే లోపలికి పోతుంది. "కదలకుండా కూర్చో" అని తరగతిలో వందసార్లు చెప్పినా కుదరనిది, పీత కోసం కుదురుతుంది. పీతను పట్టుకోవడం, డబ్బాలో వేసి ఇంటికి తేవడం మాత్రం వద్దు. ఖాళీ గవ్వలు ఏరుకుని, లెక్కపెట్టి, మళ్లీ అక్కడే వదిలేయడం నేర్పండి. అయిదేళ్ల పిల్లలు పెద్దవీ చిన్నవీ వేరు చేస్తారు, మూడేళ్లవాళ్లు చేతులో పోసుకుని ఒలకబోస్తారు. రెండూ చదువే.

ముందుగా చూసుకోవాల్సింది ఒక్కటే, ఆటుపోట్ల వేళలు. నీరు వెనక్కి తగ్గే వేళ పొద్దున్న ఎనిమిది, పది మధ్య పడే రోజు ఎంచుకోవాలి. నీరు పొంగి ఉంటే పీతలూ ఉండవు, పిల్లలు నిలబడే చోటూ ఉండదు. సముద్రానికి వీపు తిప్పి నిలబడి పెద్దవాళ్లు కబుర్లలో పడకూడదు. నీటి వైపు ఒక పెద్ద మనిషి నిలబడాలి, ఆమెకో అతనికో ఇంకే పనీ పెట్టకూడదు. ఫొటోలు తీసే పని అసలే పెట్టకూడదు. అక్కడి నుంచి కురుమ్ నేచురల్ పార్కుకు వెళ్లి గడ్డి మీద చాప పరిచి పులిహోరో, ఇడ్లీలో తినిపిస్తే ఆ పూట నిండినట్టే. ఇంకో చోటు కలపొద్దు.

ఇంకా కొన్ని చోట్లు

అల్ ఖువైర్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం 1985లో పెట్టింది. అందులో తిమింగలాల గది ఉంది. పైకప్పు కింద పరిచిన తిమింగలం అస్థిపంజరాన్ని చూసి పిల్లలు తల పైకెత్తి అలాగే ఉండిపోతారు. మ్యూజియంలు ఈ వయసుకు పనికిరావని పైన అన్నాను కదా, ఇది నాకు మినహాయింపు. ఎందుకంటే "పెద్దది" అన్న ఒక్క విషయం అక్కడ ఒళ్లంతటితో తెలుస్తుంది. ఆ గది చూసి వచ్చేయండి, మిగిలినవి తర్వాతెప్పుడైనా. వెళ్లేముందు తెరిచే వేళలు కనుక్కోండి. కురుమ్‌లోని చిల్డ్రన్స్ మ్యూజియం పేరు చూసి చాలామంది చిన్నవాళ్లను తీసుకెళ్లాలనుకుంటారు. అక్కడివి సైన్సు పరికరాలు, చదవడం వచ్చిన ఏడెనిమిదేళ్ల వాళ్లు ఎక్కువ ఆనందిస్తారు.

అల్ అన్సబ్ చిత్తడి నేలల్లో చలికాలంలో ఫ్లెమింగోలు దిగుతాయి. సూళ్లూరుపేట, పులికాట్ వైపు నుంచి వచ్చినవాళ్లకు ఆ పక్షుల్ని పరిచయం చేయనక్కర్లేదు. నాలుగున్నర, అయిదేళ్ల వాళ్లు అయిదారుగురు ఉంటే చక్కని చోటు. ఇరవై మంది కేజీ పిల్లలు వెళ్తే పక్షులు మిగలవు. ముందుగా అనుమతి సంగతి అడిగి వెళ్లండి.

ఇంతకన్నా తేలికైనవి కూడా ఉన్నాయి, వాటిని మనం యాత్రలుగా లెక్కపెట్టం. మన పిల్లలు పుట్టినప్పటి నుంచి కార్లలోనే తిరుగుతున్నారు. మ్వాసలాత్ ఎర్ర బస్సు ఎక్కి నాలుగు స్టాపులు వెళ్లి, దిగి, మళ్లీ బస్సులో వెనక్కి రావడం వాళ్లకు పండగ. టికెట్టు వాళ్ల చేతే తీయించండి, కిటికీ పక్కన కూర్చోబెట్టండి. రూవీలోనో దార్సైత్‌లోనో లులులో కూరగాయల వైపు ఒక అరగంట. పొద్దున్న రద్దీ లేని వేళ. బెండకాయ నున్నగా ఉందా, గరుకుగా ఉందా? కాకరకాయ మీద చెయ్యి వేస్తే ఎలా ఉంది? ఏ కూర బరువు? ప్రతి పిల్లా ఒక కాయ ఎంచుకుని తూకం వేయించి, బిల్లు కట్టి తెచ్చుకుంటుంది. వాటితో ఆ సాయంత్రం పులుసు. కూర తినని పిల్లలు తాము కొన్నది తింటారా అంటే, అందరూ తింటారని చెప్పను, కొందరు తింటారు. పెద్ద హోల్‌సేల్ మార్కెట్టు చూపిద్దామనుకునేవాళ్లకు ఒక మాట. మవాలే మార్కెట్టు 2024లో బర్కా విలాయత్‌లోని ఖజాయిన్‌కు తరలిపోయింది. అక్కడ లారీలు, తోపుడు బళ్లు, దూరం. చిన్నవాళ్లకు వద్దు. ముత్రాలోని చేపల మార్కెట్టు 2017లో కొత్త భవనంలోకి వచ్చాక శుభ్రంగా ఉంది గానీ, నేల తడి, జారుతుంది. పైగా శాకాహారుల ఇళ్ల పిల్లలు కొందరు ఆ వాసనకు తట్టుకోలేరు. ముత్రా కార్నిష్ మీద నిలబడి పడవలనూ గువ్వలనూ చూడటం నయం.

బడులు ఎక్కువగా ఎంచుకునేది ఫైర్ స్టేషన్. మంచిదే. ఒక చిన్న చిక్కుంది. సైరన్ మోగితే మూడేళ్లవాళ్లలో ఇద్దరు ముగ్గురు బెదిరిపోతారు, ఆ తర్వాత ఇంజనును చూడనే చూడరు. ముందే ఇంట్లో ఆ చప్పుడు నోటితో చేసి చూపించండి, సైరన్ చివర్లో మోగించమని అక్కడివాళ్లను అడగమనండి. వెళ్లొచ్చాక అయిదేళ్లవాళ్లకు 9999 నేర్పొచ్చు. నాలుగు తొమ్మిదులు, గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు.

మన గుడి కూడా పిల్లలకు యాత్రాస్థలమే. వారం వారం వస్తూనే ఉన్నారుగా అంటారు. వస్తున్నారు, జనం కాళ్ల మధ్య నుంచి దేవుణ్ణి చూసి, ప్రసాదం తిని వెళ్తున్నారు. రద్దీ లేని ఒక ఉదయం, పూల బుట్ట దగ్గర కూర్చుని మాల కట్టడం చూస్తే, రెండు పువ్వులు తామే దారానికి చుడితే, గంట తాడు తామే లాగితే, అది వేరు. పెద్దల అనుమతితో అయిదారుగురు పిల్లల చొప్పున తీసుకురావచ్చు.

ఇప్పుడే వద్దు అనేవి

వాదీ షాబ్ వద్దు. పడవలో దాటాలి, ఆ పైన రాళ్ల మీద ముప్పావు గంట నడక. రాస్ అల్ జింజ్ తాబేళ్లను చూడాలంటే మస్కట్ నుంచి మూడు గంటల పైన ప్రయాణం, ఆపై చీకట్లో, ఇసుకలో, చప్పుడు చేయకుండా నడవాలి. నిద్ర వేళలో నాలుగేళ్ల పిల్లని చప్పుడు చేయొద్దంటే తాబేలుకూ కష్టం, మనకూ కష్టం. అల్ హూతా గుహలో మెట్లు ఎక్కువ. జబల్ అఖ్దర్‌కు ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంటేనే చెక్‌పోస్టు దాటనిస్తారు, మలుపుల్లో పిల్లలకు కడుపులో తిప్పుతుంది. నిజ్వాలో శుక్రవారం పొద్దున మేకల సంత పిల్లలకు ఎంత ఇష్టమో చెప్పలేను. కానీ తాళ్లతో లాక్కుపోయే మేకలు, ఎద్దులు, జనం. ఒక్కో పిల్లకు ఒక్కో పెద్ద మనిషి ఉంటేనే వెళ్లండి. సొంత కుటుంబంతో సరే, బడి బస్సులో కాదు. నిజ్వాకే వెళ్లేటట్టయితే కోట కన్నా ఫలజ్ దారిస్ చూపించండి. 2006లో యునెస్కో గుర్తించిన అయిదు ఫలజ్‌లలో అది ఒకటి. పారే కాలువలో ఒక ఆకు వేసి, దానితోపాటు గట్టు మీద నడిస్తే "నీరు ఎక్కడికి పోతోంది?" అని వాళ్లే అడుగుతారు. చెయ్యి మాత్రం వదలకండి.

నీటి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2024 ఏప్రిల్ 14న ఉత్తర షర్ఖియాలోని సమద్ అల్ షాన్‌లో వాదీ పొంగి, బడి పిల్లలున్న వాహనం కొట్టుకుపోయింది. పిల్లలు చనిపోయారు. ఆ వారం ఇక్కడ ఏ ఇంట్లోనూ అన్నం సహించలేదు. అంతకు పదేళ్ల ముందు, 2014 జూన్ 8న, హైదరాబాదు నుంచి విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు హిమాచల్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. పైనున్న లార్జీ డ్యామ్ నుంచి నీరు వదిలారు, కింద రాళ్ల మీద ఫొటోలు దిగుతున్న వాళ్లకు అది తెలియదు. వాదీ కూడా అలాంటిదే. మన నెత్తిన ఒక్క చినుకు పడకపోయినా, కొండల్లో ఎక్కడో కురిసిన వాన నిమిషాల్లో వచ్చి పడుతుంది. అందుకని వాదీలో ఎంత ఎండిన ఇసుక కనిపించినా, వాన హెచ్చరిక ఉన్న రోజున చిన్నపిల్లలతో ఆ దారి పట్టకూడదు, అక్కడ చాప పరచకూడదు. డబ్బు కట్టేశాం, బస్సు మాట్లాడేశాం అనేవి కారణాలు కావు. యాత్ర ఆపేసిన టీచరును గానీ వాలంటీరును గానీ ఎవరూ తప్పు పట్టకూడదు. ఈ మాట తల్లిదండ్రులమే ముందు వాళ్లకు చెప్పి ఉంచాలి, అప్పుడే వాళ్లకు ఆపే ధైర్యం వస్తుంది.

బస్సు, తలల లెక్క

2022 సెప్టెంబరులో ఖతార్‌లోని అల్ వక్రాలో ఒక భారతీయ పాప కిండర్‌గార్టెన్ బస్సులో నిద్రపోయింది. అది గమనించకుండా తలుపులు వేసి వెళ్లిపోయారు. ఆ ఎండలో పాప ప్రాణం పోయింది. ఆ రోజే తనకు నాలుగేళ్లు నిండాయి. గల్ఫ్‌లో పిల్లల్ని పెంచే మనం ఎవరమూ ఆ వార్త మరిచిపోలేదు. రోజూ వెళ్లే దారిలోనే అలా జరిగితే, కొత్తచోటు, కొత్త డ్రైవరు, అటూ ఇటూ పరుగులు పెట్టే రోజున ఇంకెంత జాగ్రత్త కావాలి!

తలలు లెక్కపెట్టడమంటే చూపుతో అంచనా కట్టడం కాదు. తలో చెయ్యి వేసి, పైకి అంకె చెబుతూ లెక్కపెట్టాలి. బస్సు ఎక్కేముందు, ఎక్కాక, దిగాక, టాయిలెట్‌కు వెళ్లొచ్చాక, తిరుగు ప్రయాణంలో మళ్లీ. ఇద్దరు వేర్వేరుగా లెక్కపెట్టి, అంకెలు కలిస్తేనే బస్సు కదలాలి. అందరూ దిగాక ఒక పెద్ద మనిషి బస్సులో చివరి సీటు దాకా నడిచి, సీట్ల కింద కూడా చూసి రావాలి. డ్రైవరు చూస్తాడులే అని వదలకూడదు, టీచరు చూస్తుందిలే అని డ్రైవరు వదలకూడదు.

ముగ్గురు పిల్లలకు ఒక పెద్ద మనిషి ఉండాలని నా పట్టుదల. నలుగురికి ఒకరైతే సరిపెట్టుకోవచ్చు, నీటి దగ్గర మాత్రం ఒప్పుకోను. తోడొచ్చే తల్లి తన పిల్లను తన గుంపులో పెట్టుకోకపోవడమే మంచిదని కొందరు టీచర్లంటారు. తన పిల్ల మీదే కన్నుంటుందని. ఆ మాటా సబబే, కానీ మూడేళ్ల పిల్ల తల్లిని ఎదురుగా చూస్తూ వేరే వాళ్ల చెయ్యి పట్టుకోదు. ఆ పిల్లని బట్టి చూసుకోవాలి. అందరికీ ఒకే రంగు టోపీలు, ముదురు నారింజో పసుపో. టోపీ లోపల ఫోను నంబరు రాయండి. పిల్ల పేరు మాత్రం చొక్కా మీద పైకి కనిపించేలా అంటించకండి. పేరు పెట్టి పిలిచే ఏ కొత్త మనిషి దగ్గరికైనా పిల్లలు వెళ్లిపోతారు.

చీటీ వచ్చినప్పుడు బడిని అడగడానికి మొహమాటపడకండి. ఎంతమంది పిల్లలు, ఎంతమంది పెద్దలు? బస్సులో ఎంతసేపు, సీటు బెల్టులున్నాయా? టాయిలెట్ ఎక్కడ? టీచర్లలో ఎవరైనా ముందుగా వెళ్లి ఆ చోటు చూసొచ్చారా? ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఏ ఆసుపత్రి దగ్గర? మా పిల్లకు వేరుశనగ పడదు, అక్కడేం తినిపిస్తారు? మంచి బడి ఈ ప్రశ్నలకు సంతోషిస్తుంది, ఎందుకంటే వాళ్ల దగ్గర జవాబులు ముందే ఉంటాయి. జవాబులు నచ్చకపోతే ఆ రోజు పిల్లని ఇంట్లో ఉంచుకోవచ్చు. తోటివాళ్లంతా వెళ్లారని ఏడుస్తుంది, నిజమే. సాయంత్రం మీరే సముద్రం దగ్గరికి తీసుకెళ్లండి.

వెళ్లేముందు, వచ్చాక

ముందురోజు రాత్రి చెప్పాల్సింది కొంచెమే. ఎక్కడికి వెళ్తున్నాం, ఏం చూస్తాం, ఎవరి చెయ్యి పట్టుకోవాలి, తప్పిపోతే ఎక్కడున్నావో అక్కడే నిలబడి గట్టిగా పిలవాలి. నాలుగు సంగతులు. అంతకంటే ఎక్కువ చెబితే ఒక్కటీ నిలవదు.

వచ్చాక మనం అడిగేది "ఎంజాయ్ చేశావా?" అని. "యా" అని జవాబు వస్తుంది, అక్కడితో సరి. "పీత ఎలా నడిచింది, చూపించు" అనండి, నేల మీద అడ్డంగా పాకి చూపిస్తుంది. మన పిల్లలు బడిలో ఇంగ్లీషు, ఆటలో హిందీ, అరబీ ముక్కలు, ఇంట్లో తెలుగు అంటూ రోజంతా నాలుగు పడవల్లో కాళ్లు పెడుతుంటారు. ఇంట్లో తెలుగు కూడా "రా, తిను, పడుకో" దగ్గరే ఆగిపోతోంది. యాత్ర రోజున కొత్త మాటలు వస్తువుతోపాటే చేతికి అందుతాయి. అల, నురగ, గవ్వ, బొరియ, బురద, ఈక, గట్టు. వస్తువును పట్టుకున్న చెయ్యి మాటను కూడా పట్టుకుంటుంది. ఆ రాత్రి ఊళ్లో ఉన్న అమ్మమ్మకో నానమ్మకో ఫోను చేసి పిల్ల చేతికివ్వండి. మీరు పక్క నుంచి అందించకండి. "అమ్మమ్మా, పీత ఇంట్లోకి పోయింది" అంటే, అమ్మమ్మ "అవునా తల్లీ, దాని ఇల్లు ఎక్కడుంది?" అని అడుగుతుంది. బొరియ అన్న మాట అప్పుడు అవసరం పడుతుంది. రాకపోతే అమ్మమ్మే చెబుతుంది.

ఒక కాగితం, రంగులు ఇచ్చి వదిలేస్తే బొమ్మ వేస్తారు. అందులో సముద్రం ఉండకపోవచ్చు, బస్సు మాత్రమే ఉండొచ్చు. దిద్దకండి.

రెండు మూడు వారాల తర్వాత అదే చోటికి మళ్లీ తీసుకెళ్లండి. చూసిందే కదా అని మనకనిపిస్తుంది గానీ, ఒకే కథను నలభైసార్లు చెప్పించుకునే వయసు అది. రెండోసారి కారు ఆగేలోపే పీతల ఇళ్లు ఏ వైపున్నాయో మీకు వాళ్లే చెబుతారు. అప్పుడు వాళ్ల వెనక మీరు నడవండి.